నీలం-తెలుపు క్లోనింగ్ కిట్: సరుకు మంచిదే, మాన్యువల్ లెక్కే తప్పు

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు కాలేజీల్లో బయోటెక్నాలజీ ప్రాక్టికల్స్ చెప్పేవాళ్లకి ఏటా ఒకటే బెంగ. రికాంబినెంట్ డీఎన్‌ఏ యూనిట్ కోసం టీచింగ్ కిట్ కొనాలా, సామాన్లు విడివిడిగా తెప్పించుకోవాలా? ఇక్కడ చెప్పబోయేది మన దేశంలోనే తయారయ్యే ఐదు బ్యాచ్‌ల కిట్ గురించి. లాంబ్డా డీఎన్‌ఏని (బాక్టీరియాకి సోకే ఒక వైరస్ డీఎన్‌ఏ) ఎకో ఆర్ వన్ అనే, డీఎన్‌ఏని కత్తిరించే ఎంజైముతో కోయడం, అదే ఎంజైముతో కోసిన పియుసి 18 ప్లాస్మిడ్‌లో (బాక్టీరియాలో ఉండే గుండ్రటి చిన్న డీఎన్‌ఏ) ఆ ముక్కల్ని అతకడం, దాన్ని డీహెచ్5 ఆల్ఫా ఇ.కోలైలోకి ఎక్కించి నీలం, తెలుపు కాలనీలు చూపించడం దీని పని. ముక్క అతుక్కున్న ప్లాస్మిడ్ ఉన్న కాలనీ తెల్లగా, ముక్క లేని ప్లాస్మిడ్ ఉన్నది నీలంగా వస్తుంది. ఎంజైములు బాగున్నాయి. మాన్యువల్లో ఉన్నది ఉన్నట్టు చేస్తే మాత్రం ప్లేటు నిండా నీలమే వస్తుంది. ఐదుకి మూడున్నర ఇవ్వొచ్చు.

ముందు ప్యాకింగ్ సంగతి. ఎంజైములు, బఫర్లు, డీఎన్‌ఏ ఒక థర్మోకోల్ డబ్బాలో జెల్ ప్యాకుల మధ్య వస్తాయి. మిగతావి మామూలు అట్టపెట్టెలో. జెల్ ప్యాకుల చలవ రెండు రోజుల ప్రయాణానికి సరిపోతుంది. శుక్రవారం బయల్దేరిన పార్సిల్ విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఆదివారం ఆగిపోయి మంగళవారానికి పర్లాకిమిడి చేరితే, డబ్బా తెరిచేసరికి లోపల గోరువెచ్చటి నీళ్ల సంచులే ఉంటాయి. ఎకో ఆర్ వన్ గట్టి పిండమే, ఆ మాత్రానికి చావదు. అసలు భయం, ముక్కల్ని అతికే ఎంజైమైన లైగేజ్ బఫర్‌ గురించి, దాని సంగతి కింద ఉంది. ఆర్డర్ పెట్టేటప్పుడే సోమవారం పంపమని రాయించాలి. అలా అడిగితే కంపెనీవాళ్లు కాదనరు.

డబ్బా తీయగానే ఎంజైము గొట్టం చూసి 'కరిగిపోయింది' అని కంగారుపడేవాళ్లు ఉంటారు. అందులో సగం గ్లిజరాల్, మైనస్ 20 దగ్గర కూడా గడ్డకట్టదు. ద్రవంగా ఉండడమే దాని ఆరోగ్యం. కంగారు పడాల్సింది ఫ్రీజర్ గురించి. డిపార్ట్‌మెంట్లో ఉన్నది డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే, మంచు పేరుకోకుండా అది తనంతట తానే కాసేపు వేడెక్కి మళ్లీ చల్లబడుతూ ఉంటుంది. రోజూ ఆ ఊగిసలాట ఎంజైముకి మంచిది కాదు. కిట్‌తో వచ్చిన థర్మోకోల్ డబ్బానీ జెల్ ప్యాకుల్నీ పారేయకుండా, ప్యాకుల్ని గడ్డకట్టించి ఆ డబ్బాలోనే గొట్టాలు పెట్టి ఫ్రీజర్లో ఉంచితే చాలు. కరెంటు పోయే ఊళ్లలో ఇది ఇంకా అవసరం.

బాక్టీరియా కల్చర్ స్టాబ్ రూపంలో, మామూలు ఉష్ణోగ్రతలోనే వస్తుంది. వచ్చిన రోజే దాన్ని ఎల్‌బీ అగార్ మీద గీయాలి, యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ లేని ప్లేటు మీద. మాన్యువల్లో ఈ మాట స్పష్టంగా లేదు. 'కల్చర్ చచ్చిపోయి వచ్చింది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. యాంపిసిలిన్‌ని తట్టుకునే శక్తి వచ్చేది ప్లాస్మిడ్ నుంచే, అది లేని డీహెచ్5 ఆల్ఫాని యాంపిసిలిన్ మీద గీస్తే అది బతికే ప్రశ్నే లేదు.

డైజెషన్ ఈ కిట్‌లో అన్నిటికంటే బాగా పనిచేసే భాగం. ఇరవై మైక్రోలీటర్ల రియాక్షన్‌లో ఒక మైక్రోగ్రాము లాంబ్డా డీఎన్‌ఏ, రెండు మైక్రోలీటర్ల పదింతల గాఢత ఉన్న బఫర్, ఒక మైక్రోలీటరు ఎంజైము అంటే పది యూనిట్లు, మిగతాది నీళ్లు. ముందు నీళ్లు, తర్వాత బఫర్, డీఎన్‌ఏ, ఆఖర్న ఎంజైము. బఫర్ పడకముందే ఎంజైము నీళ్లలో పడితే దానికి దెబ్బ. 37 డిగ్రీల దగ్గర గంట చాలు. ఇంకాస్త బాగా కోస్తుందని ఎంజైము మూడు నాలుగు మైక్రోలీటర్లు పోసే అలవాటు ఉంది కొందరికి. గ్లిజరాల్ అయిదు శాతం దాటితే ఎకో ఆర్ వన్ తన జి-ఎ-ఎ-టి-టి-సి గుర్తుని వదిలి, దాన్ని పోలిన చోట్ల కూడా కోయడం మొదలుపెడుతుంది. దాన్నే స్టార్ యాక్టివిటీ అంటారు. అందుకే ఎంజైము మొత్తం ఘనపరిమాణంలో పదో వంతు దాటకూడదన్న లెక్క. ఇంకొకటి, పిపెట్ టిప్ మొత్తం ఎంజైములో ముంచితే బయటి గోడకి అంటుకున్నదే ఒక మైక్రోలీటరు పోతుంది. గొట్టంలో ఉన్నది యాభై మైక్రోలీటర్లు. పిల్లలు తలో చెయ్యీ వేస్తే ఐదు బ్యాచ్‌లకని రాసినది మూడింటికే సరి. నీళ్లు, బఫర్, ఎంజైము కలిపిన మాస్టర్ మిక్స్ టీచరే చేసి పంచి, డీఎన్‌ఏ మాత్రం పిల్లల చేత వేయిస్తే సరుకు మిగులుతుంది.

కోసిన ముక్కల్ని సైజు వారీగా విడదీసి చూపే జెల్ దగ్గర మాన్యువల్ ఒక చిక్కు దాచిపెట్టింది. 48,502 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవుకి కొలత) లాంబ్డాని ఎకో ఆర్ వన్ అయిదు చోట్ల కోస్తుంది, ఆరు ముక్కలు రావాలి: 21,226, 7,421, 5,804, 5,643, 4,878, 3,530. మాన్యువల్లో 'ఆరు బ్యాండ్లు కనిపిస్తాయి' అని ఒక్క వాక్యం. కిట్‌లో ఇచ్చిన చిన్న ట్రేలో 0.8 శాతం జెల్ నడిపితే పిల్లలకి కనిపించేవి అయిదే. 5,804, 5,643 పక్కపక్కనే పరిగెత్తి ఒకే లావుపాటి గీతలా ఉంటాయి. మార్కులు వేసేవాళ్లు ఇది తెలుసుకుని వేయాలి. ఒక్కోసారి 3,530 కూడా మసగ్గా వస్తుంది. లాంబ్డా రెండు కొసలకీ పన్నెండు బేసుల అతుక్కునే తోకలు ఉంటాయి కదా, వాటి వల్ల మొదటి ముక్కా చివరి ముక్కా చేతులు కలుపుకుని పైనే ఆగిపోతాయి. లోడింగ్ డై కలిపాక 65 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు ఉంచి, వెంటనే ఐస్‌లో పెట్టి జెల్లో వేస్తే ఆ బ్యాండ్ తేటగా కనిపిస్తుంది.

ప్లాస్మిడ్ వైపు కూడా ఇలాంటిదే ఒకటుంది. కోసిన పియుసి 18 అంటే 2,686 బేస్ జతల ఒకే గీత. కోయనిది చుట్టుకుపోయి బిగుసుకుని ఉంటుంది కాబట్టి దానికంటే ముందుకు పరిగెడుతుంది. 'కోయనిదే చిన్నదిగా ఉందేంటి' అని అడగని బ్యాచ్ ఉండదు. మాన్యువల్లో దీనికి రెండు వాక్యాలు రాస్తే పోయేదేముంది!

ఎథిడియం బ్రోమైడ్ మిల్లీలీటరుకి పది మిల్లీగ్రాముల సీసాగా ఇచ్చారు. యాభై మిల్లీలీటర్ల జెల్‌కి రెండున్నర మైక్రోలీటర్లు చాలు. అది డీఎన్‌ఏ మెట్ల మధ్య దూరే రంగు, మ్యూటజెన్. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోవాలి. కిట్‌లో పెట్టిన పల్చటి లేటెక్స్ గ్లోవ్స్ రెండు జతల్ని నమ్మొద్దు. మిగిలిన బఫర్ సింక్‌లో పోయకుండా యాక్టివేటెడ్ చార్‌కోల్‌తో పీల్పించి పక్కన పెట్టాలి.

ఇక లైగేషన్. కిట్ తడబడేది ఇక్కడే, అదీ మందు వల్ల కాదు, మాన్యువల్లో ఉన్న లెక్క వల్ల. కోసిన వెక్టర్ (ముక్కని మోసే ప్లాస్మిడ్, ఇక్కడ పియుసి 18), కోసిన లాంబ్డా 'సమాన బరువుల్లో' కలపమంటుంది. అతుక్కునేది బరువు కాదు, కొసలు. లాంబ్డా ముక్కల్లో రెండు చివరివి ఒక వైపు వేరే తోకతో ఉంటాయి కాబట్టి తేలిగ్గా ప్లాస్మిడ్‌లోకి ఎక్కేవి లోపలి నాలుగే. ఆ నాలుగూ కలిపితే 23,746 బేస్ జతలు, అంటే మొత్తం లాంబ్డాలో దాదాపు సగం. సగటున ఒక్కో ముక్క ఆరు వేలకి కాస్త తక్కువ, వెక్టర్‌కి రెండింతల పైనే. యాభై నానోగ్రాముల వెక్టర్‌కి యాభై నానోగ్రాముల లాంబ్డా కలిపితే, పనికొచ్చే ముక్క ఒకటికి వెక్టర్ అణువులు నాలుగు పైచిలుకు పడతాయి. ఇక వెక్టర్ తన కొసల్ని తనే అతుక్కుని గుండ్రంగా మూసుకుపోతుంది. అలా మూసుకున్నదే నీలం కాలనీ.

ఒక వెక్టర్‌కి రెండు ముక్కలు చొప్పున రావాలంటే యాభై నానోగ్రాముల వెక్టర్‌కి 450 నానోగ్రాముల లాంబ్డా కావాలి. కిట్‌లో ఇచ్చిన లాంబ్డా దీనికి సరిపోతుంది, జెల్ మీద దుబారా చేయకపోతే. కలిపే ముందు రెండు డైజెషన్లనీ 65 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి ఎకో ఆర్ వన్‌ని చంపాలి. చంపకపోతే లైగేజ్ అతుకుతూ ఉంటుంది, ఇది కోస్తూ ఉంటుంది. వెక్టర్ కొసల్లో ఫాస్ఫేట్ తీసేసే ఫాస్ఫటేజ్ కిట్‌లో లేదు. క్లాసు ప్రయోగానికి అది లేకపోవడం తప్పేమీ కాదు. నీలం కూడా కనిపించాలి కదా, అప్పుడే పోల్చి చూపించడానికి వీలవుతుంది.

బఫర్ సంగతి చెప్తానన్నాను. టి4 డీఎన్‌ఏ లైగేజ్‌కి శక్తినిచ్చే అణువైన ఏటీపీ లేనిదే చెయ్యి ఆడదు, ఆ ఏటీపీ ఉండేది బఫర్లోనే. గడ్డకట్టించి కరిగించిన ప్రతిసారీ అది కొంత విరిగిపోతుంది. కిట్ మొత్తానికి ఒకే గొట్టంలో బఫర్ ఇచ్చారు. మొదటి బ్యాచ్‌కి బాగా అతుక్కుని, నాలుగో బ్యాచ్‌కి అతుక్కోకపోవడానికి కారణం ఇదే. వచ్చిన రోజే ఐస్ మీద కరిగించి పది పది మైక్రోలీటర్లుగా చిన్న గొట్టాల్లో పంచి పెట్టేస్తే పోయే సమస్య. అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తే అవి బఫర్లోని డీటీటీ అనే రసాయనానివి. అరచేతిలో పట్టుకుని కాసేపు ఆడిస్తే కరిగిపోతాయి. ఆ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన అంత కష్టపడి పట్టుకున్నదాన్ని మనం ఫ్రీజర్ తలుపు తీసీ మూసీ పోగొట్టుకోవడం ఏం బాగుంటుంది?

మాన్యువల్ 16 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచమంటుంది. చల్లబరిచే వాటర్ బాత్ ఈ జిల్లాల్లో ఎన్ని డిగ్రీ కాలేజీల్లో ఉంది? దీనికి రెండు దారులు. ఒకటి, గొట్టాల్ని నేరుగా ఫ్రిజ్ కింది అరలో నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం. ఎకో ఆర్ వన్ విడిచేలాంటి నాలుగు బేసుల తోకలకి అది చాలు. రెండోది, మూతున్న థర్మోకోల్ డబ్బాలో నీళ్లు పోసి, ఐస్ ముక్కలతో పదహారుకి తెచ్చి, గొట్టాల్ని తేలేసి మూత పెట్టడం. చలికాలం అయితే తెల్లారేసరికి కూడా పెద్దగా పెరగదు. మే నెల్లో ఈ రెండోది వద్దు.

కాంపిటెంట్ సెల్స్ (బయటి డీఎన్‌ఏని తీసుకునేలా సిద్ధం చేసిన కణాలు) చేయడానికి 0.1 మోలార్ క్యాల్షియం క్లోరైడ్ సీసా ఇచ్చారు. 1970లో మాండెల్, హిగా ఇదే లవణంతో ఇ.కోలైలోకి ఫేజ్ (బాక్టీరియాకి సోకే వైరస్) డీఎన్‌ఏని ఎక్కించి చూపించారు. దారి పాతదే, నడక మాత్రం చల్లగా సాగాలి. ఓడీ (కల్చర్ ఎంత మందంగా ఉందో చెప్పే అంకె) 0.3, 0.4 మధ్య ఉండగానే కల్చర్ ఆపేయాలి. రాత్రంతా పెరిగి మందంగా అయిన కల్చర్‌ని వాడితే ఒక్క కాలనీ కూడా రాకపోవచ్చు. ముసలి కణాలు డీఎన్‌ఏని లోపలికి రానివ్వవు. రిఫ్రిజిరేటెడ్ సెంట్రిఫ్యూజ్ లేకపోతే రోటర్‌ని, గొట్టాల్ని ముందే గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, ఒకటిన్నర మిల్లీలీటర్ల చిన్న గొట్టాల్లో రెండేసి నిమిషాలు తిప్పితే పని నడుస్తుంది. పైన తేట తీసేశాక అడుగున చేరిన కణాల్ని చల్లటి క్యాల్షియం క్లోరైడ్‌లో మెల్లగా కలపాలి. గొట్టం అడుగుని ఐస్ నీళ్లలోనే ఉంచి గుండ్రంగా ఆడించాలి తప్ప, మజ్జిగ చిలికినట్టు వోర్టెక్స్ మీద పెట్టకూడదు.

ఐస్ అంటే ఈ వైపు చేపల బజారు ఐసే. శుభ్రంగా లేకపోయినా నష్టం లేదు, గొట్టాల లోపలికి పోదు కదా. ఉప్పు కలిసిన ఐస్ మాత్రం వద్దు, అది సున్నా కిందికి దిగి కణాల్ని గడ్డకట్టిస్తుంది. పెద్ద గడ్డల మధ్య గొట్టం గుచ్చితే సగం గాలే తగులుతుంది. పొడి చేసి కాసిని నీళ్లు పోసుకోవాలి.

మాన్యువల్లో లేని చిట్కా ఒకటి: కణాల్ని ప్రయోగానికి ముందు రోజే చేసి, క్యాల్షియం క్లోరైడ్‌లోనే రాత్రంతా నాలుగు డిగ్రీల దగ్గర ఉంచితే అవి డీఎన్‌ఏని ఇంకా బాగా తీసుకుంటాయి. ఒక్క రోజు ప్రాక్టికల్ పీరియడ్లలో అంతా ముగించాలనే హడావుడీ తప్పుతుంది.

డీఎన్‌ఏ కలిపిన కణాలకి ఇచ్చే హీట్ షాక్ 42 డిగ్రీలు, తొంభై సెకన్లు. కిట్‌లోని మందపాటి గొట్టాలకి ఆ సమయం సరైనదే. పల్చటి పీసీఆర్ గొట్టాలు వాడితే సగం చాలు. వాటర్ బాత్ బయట ఎర్ర అంకెల్ని నమ్మకుండా నీళ్లలో థర్మామీటరు పెట్టి చూసుకోవాలి. అంకె నలభై రెండు చూపిస్తున్నా నీళ్లు ముప్పై తొమ్మిదిలో ఉండే బాత్‌లు తక్కువేం కాదు. షాక్ తర్వాత రెండు నిమిషాలు ఐస్, తర్వాత యాంపిసిలిన్ లేని ఎల్‌బీలో 37 దగ్గర ముప్పావు గంట నుంచి గంట. యాంపిసిలిన్‌ని విరగ్గొట్టే బీటా లాక్టమేజ్ తయారు చేసుకోవడానికి కణానికి ఆ వ్యవధి కావాలి. పీరియడ్ అయిపోతోందని ఈ గంటని పావుగంట చేస్తే ప్లేటు ఖాళీ.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. బ్యాచ్‌కి మూడు ప్లేట్లకి సరిపడా అగార్ పొడి మాత్రమే ఇచ్చారు. ఏం తప్పు జరిగిందో తెలియాలంటే కనీసం ఆరు కావాలి. డీఎన్‌ఏ వేయని కణాలు యాంపిసిలిన్ లేని ప్లేటు మీద, కణాలు బతికి ఉన్నాయా అని. అవే కణాలు యాంపిసిలిన్ మీద, మందు పనిచేస్తోందా అని. కోయని పియుసి 18 వేసినవి, కణాలు డీఎన్‌ఏని తీసుకుంటున్నాయా అని. కోసి అతకని వెక్టర్, కోత పూర్తయిందా అని. కోసి తనతో తనే అతుక్కున్న వెక్టర్, లైగేజ్ పనిచేసిందా అని. ఆఖరిది అసలు ప్రయోగం. కంట్రోళ్లు లేకుండా ఖాళీ ప్లేటు చూసి 'ఫెయిల్' అని రికార్డులో రాసుకోవడం తప్ప పిల్లలు నేర్చుకునేది ఏముంది? ఎల్‌బీ అగార్ పొడి బయట విడిగా కొనుక్కోవడం మేలు.

కోయని ప్లాస్మిడ్ ప్లేటుతో ఎఫిషియెన్సీ (మైక్రోగ్రాము డీఎన్‌ఏకి ఎన్ని కాలనీలు) లెక్క కూడా కట్టించొచ్చు. పది నానోగ్రాములు వేసి, మొత్తం ఒక మిల్లీలీటరు చేసి, అందులో వంద మైక్రోలీటర్లు పరిస్తే ప్లేటు మీదికి వెళ్లింది ఒక నానోగ్రాము. ఎనభై అయిదు కాలనీలు వస్తే మైక్రోగ్రాముకి 85,000. ఇంట్లో చేసిన క్యాల్షియం క్లోరైడ్ కణాలకి లక్ష దాటితే బాగున్నట్టే. పది వేలు కూడా రాకపోతే లైగేషన్ ప్లేటు మీద ఆశ పెట్టుకోవద్దు.

యాంపిసిలిన్ వంద మిల్లీగ్రాముల గొట్టం. ఒక మిల్లీలీటరు నీళ్లలో కరిగించి వడకట్టాక, అగార్ మిల్లీలీటరుకి ఒక మైక్రోలీటరు చొప్పున. అగార్ యాభై డిగ్రీల కిందికి దిగాకే కలపాలి. పాలు తోడుపెట్టే వేడికంటే ఒక పిసరు ఎక్కువ, ఫ్లాస్క్ పట్టుకుంటే చెయ్యి ఓర్చుకునేంత. నీలం రంగు వచ్చేలా చేసే ఎక్స్ గాల్ డైమిథైల్ ఫార్మమైడ్‌లో కరుగుతుంది, నీళ్లలో కాదు. ఆ ద్రావకం పాలిస్టైరీన్ గొట్టాల్ని తినేస్తుంది, పాలిప్రొపిలీన్ వాడాలి. సీసాకి వెండి కాగితం చుట్టాలి, వెలుతురు పడదు దానికి. ప్లేటుకి నలభై మైక్రోలీటర్ల ఎక్స్ గాల్, నలభై మైక్రోలీటర్ల ఐపీటీజీ (ఆ రంగు తెచ్చే జన్యువుని మేల్కొలిపేది) పరిచి, పూర్తిగా ఇంకాకే కణాలు వేయాలి.

ప్లేట్లని పదహారు, పద్దెనిమిది గంటలకే ఇంక్యుబేటర్ నుంచి తీసేయాలి. శనివారం పెట్టి సోమవారం తీస్తే ప్రతి పెద్ద కాలనీ చుట్టూ ఆవగింజల్లాంటి బుల్లి కాలనీలు పుట్టి ఉంటాయి. పెద్ద కాలనీ బయటికి వదిలిన బీటా లాక్టమేజ్ చుట్టుపక్కల యాంపిసిలిన్‌ని తినేస్తే, ప్లాస్మిడ్ లేని కణాలు ఆ నీడలో మొలుస్తాయి. వాటిలో ప్లాస్మిడ్ లేదు కాబట్టి అవి తెల్లగానే ఉంటాయి. పిల్లలు వాటినే రికాంబినెంట్లు అని లెక్కపెట్టి 'తొంభై శాతం తెలుపు' అని రాస్తారు! విడిగా, పెద్దగా ఉన్న తెల్ల కాలనీలనే తీసుకుని, కొత్త యాంపిసిలిన్ ప్లేటు మీద మళ్లీ గీసి చూడాలి. శాటిలైట్లు అనే ఆ బుల్లి కాలనీలు అక్కడ మొలవవు. నీలం లేతగా ఉంటే ప్లేటుని రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెడితే ముదురుతుంది, లెక్క తేలికవుతుంది.

ఇంకో మాట ఇంక్యుబేటర్ గురించి. మామూలు ఇంక్యుబేటర్లో హీటరే ఉంటుంది, చల్లబరిచే ఏర్పాటు ఉండదు. రాయగడలో గది నలభైలో ఉన్నప్పుడు దాన్ని 37కి తిప్పినా లోపల నలభైకి తగ్గదు. ఈ యూనిట్ నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోవడమే సుఖం. కోరాపుట్ కొండమీద అదే చలికాలంలో ఇంకో తంటా: కిట్ దాటి మినీప్రెప్ (కణాల్లోంచి మూడు ద్రావణాలతో ప్లాస్మిడ్ తీయడం) చేయాలనుకుంటే, ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి పదార్థం ఉన్న రెండో ద్రావణం సీసా అడుగున తెల్లగా పేరుకుపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో పెట్టి కరిగించుకోవాలి.

మినీప్రెప్ సామాను కిట్‌లో లేదు, అది లోటే. తెల్ల కాలనీలో నిజంగా లాంబ్డా ముక్క ఉందో లేదో ప్లాస్మిడ్ తీసి, మళ్లీ ఎకో ఆర్ వన్‌తో కోసి చూస్తేనే తెలుస్తుంది. 2,686 దగ్గర ఒక గీత, పైన 4,878, 5,643, 5,804, 7,421 లలో ఒకటి. ఆ మూడు ద్రావణాలూ ల్యాబులోనే చేసుకోవచ్చు, కిట్‌లో మిగిలిన ఎంజైము దీనికి దాచుకోవాలి.

మాన్యువల్ ఇంగ్లీషులో మాత్రమే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకుని వచ్చిన పిల్లలకి సూపర్‌నేటెంట్ పారేయమంటే పెల్లెట్ కూడా పారేస్తారు. తేట పారబోసి మడ్డి ఉంచుకోమని బోర్డు మీద రాస్తే ఆ గొడవ ఉండదు.

జీతాలకీ కరెంటుకీ ఇబ్బంది పడే కాలేజీ అయితే మొదటి ఏడాది ఈ కిట్ కొని, రెండో ఏడాది నుంచి ఎంజైము, లైగేజ్, లాంబ్డా మాత్రం విడిగా తెప్పించుకోవచ్చు. డీహెచ్5 ఆల్ఫాని పదిహేను, ఇరవై శాతం గ్లిజరాల్‌లో దాచుకుంటే మళ్లీ కొనక్కర్లేదు, పియుసి 18 ఎక్కించిన కాలనీని కూడా అలాగే దాచుకుంటే ప్లాస్మిడ్‌నీ దాంట్లోంచే తీసుకోవచ్చు. వాడిన ప్లేట్లు, గొట్టాలు, టిప్పులు 121 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే చెత్తలోకి. ఆటోక్లేవ్ సంచులు కిట్‌లో రెండే పెట్టారు, అవి కూడా విడిగా రాసుకోండి.